బిగించిన తుపాకీ నిజం చెప్పదు

టెక్సాస్‌లో తెల్లతోక జింకల వేట సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అంతకు ముందు వారాంతాల్లో డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల రేంజుల్లో బెంచీ దొరకడం కష్టం. ఏడాదంతా అలమరలో ఉన్న రైఫిళ్లు బయటికొస్తాయి. స్కోపు చూపించే చోటే తూటా పడుతోందా లేదా అని సరిచూసుకోవాలి, తేడా ఉంటే బుడిపెలు తిప్పి దిద్దుకోవాలి. దీన్నే జీరో చెయ్యడం అంటారు. ఆ బెంచీల దగ్గర ఇప్పుడు మన తెలుగువాళ్లూ కనిపిస్తున్నారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట దాదాపు మూతపడింది కాబట్టి వీళ్లలో చాలామందికి రైఫిల్ అమెరికా వచ్చాక పట్టిన వస్తువే. నేర్పేది ముందే నేర్చుకున్న ఎవరో ఒక అన్న. ఆ అన్న మొట్టమొదట ఇచ్చే సలహా ఇది: "తమ్ముడూ, ఆ సంచులూ గించులూ పెట్టుకోకు. మంచి స్లెడ్ ఒకటి కొనుక్కో. తుపాకీని అందులో బిగించి మీద యాభై పౌండ్ల బరువెయ్యి. దాని గురి అదే చెబుతుంది."

ఈ సలహా తెలుగువాళ్లు కనిపెట్టింది కాదు. అమెరికా రేంజుల్లో సగం మంది నోట ఇదే మాట. ఇది తప్పు. డబ్బు వృథా అవుతుందన్నది చిన్న సంగతి. జీరో అంటే ఏమిటో అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరిగింది.

ముందు ఎదుటివాళ్ల వాదం వాళ్లు చెప్పుకున్నంత బలంగానే చెబుతాను. స్లెడ్ అంటే ఇనుప చట్రం. ముందువైపు రైఫిల్ ముందు చెక్కని ఆనించే మెత్తటి పీఠం, వెనకవైపు భుజానికి ఆనే బట్‌ని పట్టుకునే తొట్టి, రెండిటినీ కలిపే కమ్మీలు, కింద బరువులు పెట్టుకునే పళ్లెం. ఆ పళ్లెంలో సీసపు గుళ్ల సంచులో, జిమ్ములో వాడే బిళ్లలో పేరిస్తే, పేలినప్పుడు తుపాకీ తన్నే తన్ను ఆ బరువుకి పోతుంది, భుజానికి రాదు. మనిషన్నవాడు ఊపిరి తీస్తాడు, గుండె కొట్టుకుంటుంది, చెయ్యి వణుకుతుంది, చప్పుడుకి ముందే బెదిరి ట్రిగ్గర్ గుంజుతాడు. ఈ లోపాలన్నీ ఉన్న మనిషిని మధ్యలోంచి తీసేస్తే మిగిలేది తుపాకీ అసలు గురి. ఎంత గట్టిగా బిగిస్తే అంత నిజం. ఇదీ వాదం.

ఇందులో తుపాకీకి తనదంటూ ఒక గురి ఉంటుందనీ, మనిషిని పక్కకి తప్పిస్తే అది బయటపడుతుందనీ ఒక నమ్మకం దాగి ఉంది. ఆ నమ్మకమే నిలవదు. లెక్క వేసి చూద్దాం.

.30-06 రైఫిల్ తీసుకోండి. స్కోపుతో కలిపి 8 పౌండ్లనుకుందాం. పౌండుకి 7,000 గ్రెయిన్ల చొప్పున 56,000 గ్రెయిన్లు. తూటా 150 గ్రెయిన్లు, దాన్ని తోసే మందు సుమారు 50. తూటా గొట్టంలో 20 అంగుళాలు ముందుకి పరిగెత్తేలోపు తుపాకీ వెనక్కి ఎంత జరగాలో ద్రవ్యవేగ సూత్రంతో లెక్క కడితే ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. తూటా గొట్టం దాటాక తన్ను మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది కదలడం మొదలుపెట్టిన క్షణానే తుపాకీ కూడా కదలడం మొదలుపెడుతుంది. పైగా గొట్టం భుజానికి ఆనే చోటు కన్నా కొంచెం ఎత్తులో ఉంటుంది. అందుకని తుపాకీ తిన్నగా వెనక్కి పోదు, మూతి పైకి లేస్తూ పోతుంది. తూటా బయటపడేసరికి గొట్టం చూసే దిక్కు, ట్రిగ్గర్ నొక్కినప్పుడు చూసిన దిక్కు ఒకటి కావు.

మనం స్కోపు బుడిపెలు తిప్పి దిద్దేది ఈ కదలికను కూడా కలుపుకునే. తుపాకీ వెనక మెత్తటి భుజం ఉంటే ఒక కదలిక, యాభై పౌండ్ల ఇనుము ఉంటే ఇంకో కదలిక. తేడా ఎంత, ఏ వైపు అన్నది ఆ తుపాకీనీ ఆ చట్రాన్నీ బట్టి ఉంటుంది. ఒకరికి అర అంగుళం రావచ్చు, ఇంకొకరికి మూడు రావచ్చు. స్లెడ్ మీద దిద్దిన జీరో స్లెడ్‌కి జీరో. ఆ స్లెడ్‌ని భుజాన వేసుకుని ఎవడూ అడవిలోకి పోడు. దర్జీకి కొట్టులోని బొమ్మ కొలతలిచ్చి, కుట్టిన చొక్కా తను తొడుక్కుని, చంకలో బిగుతుగా ఉందేమిటని విసుక్కునేవాణ్ణి ఏమంటాం?

లెక్కలు నమ్మనివాళ్లు ఒలింపిక్స్ చూడండి. 2024 ప్యారిస్‌లో మన స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. మోకాలి మీద కూర్చుని, బోర్లా పడుకుని, నిలబడి కాలుస్తారు. తుపాకీ మారదు, తూటా మారదు, దూరం మారదు. అయినా భంగిమ మారినప్పుడల్లా ముందు పరీక్ష షాట్లు కాల్చుకుని, గురి క్లిక్కులు సవరించుకుని, ఆ తర్వాతే లెక్కలోకి వచ్చే షాట్లకి దిగుతారు. జీరో తుపాకీలోనే ఉండేదైతే వీళ్లకి ఆ అవస్థ ఎందుకు? పట్టు మారితే తుపాకీ కదిలే తీరు మారుతుందని ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినవాళ్లు వాళ్లు.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది. తూటాలు తయారుచేసే కంపెనీలు తమ పరీక్షశాలల్లో రైఫిల్ గొట్టాన్ని యంత్రంలో బిగించే కాలుస్తాయి కదా, వాళ్లకి తెలియదా? బాగా తెలుసు. జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా వాళ్ల పరీక్షా కేంద్రంలో .22 గొట్టాన్ని అలాగే బిగించి, ఏ లాటు తూటాలు ఆ గొట్టంలో దగ్గర దగ్గరగా పడుతున్నాయో చూస్తారు. వాళ్లు వెతికేది తూటాలన్నీ ఒకచోట పడుతున్నాయా అన్నది. ఎక్కడ పడుతున్నాయన్నది కాదు. స్కోపుతో అక్కడ పనే లేదు. ఆ లాటు కొనుక్కుని ఇంటికొచ్చిన షూటరు మళ్లీ తన భుజం మీద, తన భంగిమలో జీరో చేసుకోవాల్సిందే. గ్రూపు వేరు, జీరో వేరు. తూటాలు ఒకచోట గుమిగూడడం తుపాకీ, తూటాల మంచితనం. ఆ గుంపు మనం చూసినచోట పడడం మనిషీ తుపాకీ కలిసి చేసే పని. స్లెడ్ వాదులు మొదటిదానికి వాడే పనిముట్టు తెచ్చి రెండోదానికి వాడుతున్నారు.

బెంచ్‌రెస్ట్ పోటీల వాళ్ల సంగతేమిటని మరో ప్రశ్న. వాళ్లు వేల డాలర్లు పోసి బరువైన పీఠాలు కొంటారు, నిజమే. ఆ పీఠాల మీద ఏముంటుందో దగ్గరికెళ్లి చూడండి. ముందు ఒక ఇసుక సంచి, వెనక చెవుల్లాంటి రెండు మెట్టలున్న మరో సంచి. తుపాకీ వాటి మీద జారుతూ వెనక్కి వస్తుంది. అలా జారడానికి సంచుల మీద పౌడరు చల్లేవాళ్లు కూడా ఉన్నారు. మనిషి భుజం అవసరం లేకుండా పట్టాల మీద అమర్చే రైల్ గన్‌లను సైతం ఆ పట్టాల మీద స్వేచ్ఛగా వెనక్కి జారేలానే కడతారు. ఆ డబ్బంతా పోసింది పీఠం కదలకుండా ఉండడానికీ, తుపాకీ ప్రతిసారీ ఒకే తీరున కదలడానికీ. తుపాకీని కదలనివ్వకపోవడం వాళ్ల లక్ష్యాల్లో లేదు.

స్లెడ్ వాదంలో నేను గౌరవించే అంశం ఒక్కటుంది: నొప్పి. .30-06 తన్ను కొత్తవాడి భుజానికి బాధే. ఆ బాధకి బెదిరి ట్రిగ్గర్ గుంజితే ఏ జీరో మిగలదు. కానీ ఈ జబ్బుకి ఇంతకన్నా చవకైన మందులున్నాయి. బెంచీ మీదకి వంగి పడుకున్నట్టు కూర్చుంటే తన్నంతా ఎముకకి తగులుతుంది. పీఠం ఎత్తు పెంచి నిటారుగా కూర్చుంటే ఒళ్లు వెనక్కి ఊగి ఆ దెబ్బని మింగేస్తుంది. బట్‌కీ భుజానికీ మధ్య మందపాటి ప్యాడ్ పెట్టుకోండి. బెదురు సగం చప్పుడు వల్లే వస్తుంది కాబట్టి చెవుల్లో బిరడాలు పెట్టుకుని వాటి మీద మఫ్ కూడా తగిలించుకోండి. కాల్చే తూటాలు తగ్గించండి. మొదట 25 గజాల దగ్గర రెండు మూడు కాల్చి దారిలో పెట్టుకుని, ఆ తర్వాత 100 గజాలకి వెళ్లండి. ఒక్కో క్లిక్కుకి గురి కోణంలో పావు మినిట్ జరిగే స్కోపు అయితే 25 గజాల దగ్గర అంగుళం తేడాకి 16 క్లిక్కులు తిప్పాలి, 100 గజాల దగ్గర 4 చాలు. ఈ లెక్క తెలిసినవాడు పెట్టెడు తూటాలు వృథా చెయ్యడు, భుజం నొప్పెట్టేదాకా కాల్చడు.

స్లెడ్ నొప్పిని మాయం చెయ్యదు కూడా. భుజం మీంచి తీసి తుపాకీకి అంటగడుతుంది. ఆ 8 పౌండ్ల .30-06 స్వేచ్ఛగా ఉంటే సెకనుకి సుమారు మూడున్నర మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. భుజం దాన్ని కొన్ని సెంటీమీటర్ల మేర ఒదుగుతూ ఆపుతుంది. మీద బరువులు పేర్చిన చట్రం కొన్ని మిల్లీమీటర్లలోనే ఆపేస్తుంది. ఆగే దూరం పదోవంతయితే పడే ఒత్తిడి పదింతలు. దాన్ని భరించేది పిడికిలి పట్టే చోట సన్నగా ఉండే స్టాక్, స్కోపుని పట్టుకునే రింగులు, స్కోపు లోపలి అద్దాలు. అక్రోటు చెక్క స్టాకులు బీటలు వారేది ఆ సన్నటి చోటే. గురి సరిచెయ్యడానికి తెచ్చిన పనిముట్టే స్కోపుని కదిలించే ప్రమాదం తెచ్చిపెడుతోంది.

సరే, మరి ఏం కావాలి? రెండు సంచులు. అందులోనూ అందరూ ముందు సంచి గురించే మాట్లాడతారు. అసలు కీలకం వెనకది.

ముందు ఆధారానికీ వెనక ఆధారానికీ మధ్య దూరం అర మీటరు అనుకుందాం. బట్ కింద తుపాకీ ఒక మిల్లీమీటరు కుంగితే కోణం 500లో 1 వంతు మారుతుంది. 100 గజాలంటే 91.44 మీటర్లు. అంత దూరంలో ఆ మార్పు 18 సెంటీమీటర్లు, అంటే 7 అంగుళాల పైనే. జింక ఛాతీలో తూటా పడాల్సిన ప్రాణస్థానం సుమారు 8 అంగుళాల వ్యాసం. నడిమధ్య గురిపెట్టినవాడి తూటా, వెనక ఒక్క మిల్లీమీటరు జారితే, ప్రాణస్థానం దాటి బయట పడుతుంది. మామూలు తెల్ల కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు. బట్ కింద ఒక్క కాగితం పెట్టినా 100 గజాల దగ్గర ముప్పావు అంగుళం తేడా, అంటే దాదాపు మూడు క్లిక్కులు. ఇంత సున్నితమైన చోటుని మోచేతికో, బెంచీ మీద బోర్లించిన పిడికిలికో వదిలేసి, ముందువైపు రెండు వందల డాలర్ల పీఠం పెట్టుకుని, తూటాలు కిందికీ మీదికీ చెదురుతున్నాయేమిటని స్కోపు కంపెనీని తిట్టేవాళ్లు ప్రతి రేంజులోనూ ఉంటారు.

ఈ సంచులు మన ఇళ్లలోనే ఉన్నాయి. అమెరికాలో ఇండియన్ కొట్టుకి వెళ్లే ప్రతి ఇంట్లోనూ బాస్మతి బియ్యం వచ్చే గుడ్డ సంచి, జిప్‌తో సహా, ఎక్కడో ఒకచోట పడుంటుంది. పది పౌండ్లదైతే ముందు ఆధారానికి సరిపోతుంది. హార్డ్‌వేర్ కొట్లో పిల్లలు ఆడుకునే ఇసుక అని 50 పౌండ్ల బస్తా అమ్ముతారు. కడిగి ఆరబెట్టిన ఇసుక అది. ముందు దాన్ని మందపాటి ప్లాస్టిక్ కవర్లో పోసి మూతి కట్టి, ఆ కవర్ని గుడ్డ సంచిలో పెట్టండి. లేకపోతే నేతలోంచి ఇసుక రాలి బోల్టులో చేరుతుంది, బోల్టు కరకరమంటుంది. ముప్పావు వంతే నింపండి. పూర్తిగా కూరితే పైభాగం గుండ్రంగా బిగుసుకుని తుపాకీ దొర్లుతుంది. కాస్త ఖాళీ ఉంటే, పిడికిలితో మధ్యలో గుద్ది పల్లం చేసినప్పుడు ముందు చెక్క అందులో కుదురుకుంటుంది. పాత జీన్స్ కాలు మోకాలి దగ్గర కోసి, రెండు మూతులూ దిట్టంగా కుట్టినా పనికొస్తుంది. కింద ఎత్తు చాలకపోతే చెక్క దిమ్మలు వేసుకోండి.

వెనక సంచి చిన్నదిగా, పిడికిట్లో ఇమిడేలా ఉండాలి. మందపాటి మేజోడులో బియ్యమో పెసలో పోసి ముడేస్తే చాలు. బట్ కింద పెట్టి ఎడమచేత్తో పట్టుకోండి. పిసికితే బట్ లేస్తుంది, గురి కిందికి దిగుతుంది. వదిలితే గురి పైకి పోతుంది. ఇందాకటి కాగితం మందాన్ని వేళ్లతో సరిచెయ్యగల సాధనం ఇదొక్కటే. ఏ చట్రం మరా ఇంత తొందరగా ఇంత సున్నితంగా తిరగదు. బియ్యంతో ఒక్కటే చిక్కు: తేమ తగిలితే పురుగు పడుతుంది, షెడ్డులో పెడితే ఎలుకలొస్తాయి. సీజను అయ్యాక పారబోసి వచ్చే ఏడు కొత్తవి పోసుకుంటే సరి.

చేతిలో ఏదుంటే దానితో పని కానిచ్చుకోమన్నానని, దేనిమీద పెట్టి కాల్చినా ఒకటేనని అనుకోకండి. గొట్టాన్ని ఎప్పుడూ ఆనించకూడదు. గొట్టం పేలినప్పుడు కంపిస్తుంది. దాని కింద కొయ్యో రాయో ఉంటే తూటా ఆ గట్టివైపు నుంచి దూరంగా పోతుంది. ఆనించాల్సింది ముందు చెక్కని, అదీ మెత్తటిదాని మీద. ట్రక్కు బానెట్ మీద, కంచె గుంజ మీద ఆనించాల్సి వస్తే మధ్యలో మడిచిన జాకెట్టో, వీపుసంచో ఉండాలి. ముందు చెక్క అడుగున పట్టీ తగిలించే ఇనుప బొడిపె ఉంటుంది. తుపాకీ వెనక్కి జరిగినప్పుడు అది సంచిని తన్నకుండా సంచిని రెండంగుళాలు వెనక్కి జరపండి. బైపాడ్ కాళ్లు కాంక్రీటు బెంచీ మీద ఎగిరిపడతాయి కాబట్టి వాటి కింద మందపాటి చాప ముక్క వెయ్యండి. మడతబల్ల ఊగుతుంటే దాని మీద ఎంత మంచి సంచులు పెట్టినా లాభం లేదు. చాప పరుచుకుని నేల మీద బోర్లా పడుకోండి, నేల ఊగదు.

ఇక అటు చివర ఇంకో రకం మొనగాళ్లున్నారు. సంచులు కూడా పిరికివాళ్లకేననీ, నిలబడి కాల్చి జీరో చేసేవాడే వేటగాడనీ వాళ్ల బడాయి. నిలబడి కాల్చినప్పుడు 100 గజాల దగ్గర పళ్లెమంత వెడల్పున చెదిరే తూటాల మధ్య బిందువు ఎక్కడుందో ఐదు తూటాలతో ఎవడికీ తెలియదు. ఉన్న తప్పు స్కోపుదో చేతిదో తేలకముందే బుడిపెలు తిప్పడం మొదలెడతారు, ప్రతి తూటాకీ ఒకసారి తిప్పుతారు, గురి అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటుంది. స్లెడ్ వాది మనిషిని మొత్తంగా తీసేస్తానంటాడు, ఈయన మనిషి లోపాలన్నీ లెక్కలోకి తెస్తానంటాడు. ఆధారం చెయ్యాల్సింది ఈ రెండూ కాదు. వణుకుని తగ్గించాలి, భుజాన్ని ఉంచాలి.

బిగించడానికి చోటే లేదని అనను. స్కోపు కొత్తగా ఎక్కించేటప్పుడు, రింగుల మరలు సమంగా బిగించేటప్పుడు తుపాకీ కదలకుండా చట్రంలో ఉండాలి. బోల్టు తీసేసి గొట్టంలోంచి 25 గజాల దూరంలోని అట్టని చూస్తూ, గొట్టం కదలకుండా స్కోపు గీతల్ని దాని మీదకి తెచ్చేటప్పుడూ అంతే. దానికి అట్టపెట్టె రెండు అంచుల్లో చెక్క కూర్చునేలా గాడి కోసినా సరిపోతుంది. ఇవన్నీ తూటా పెట్టకముందు చేసే పనులు. తూటా పెట్టిన తర్వాత తుపాకీకి కదిలే హక్కుంది.

మీ ఆధారం మంచిదో కాదో తేల్చుకోవడానికి ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, మూతి దిబ్బవైపే ఉంచి, సంచుల మీద తుపాకీని సర్ది, స్కోపు గీతల్ని నల్లచుక్క మీద పెట్టండి. చేతులు రెండూ మెల్లగా తీసెయ్యండి. గీతలు అక్కడే ఉంటే ఆధారం సరైనది. పక్కకి జారితే ఇంతసేపూ మీ కండరాలే దాన్ని అక్కడ పట్టుకున్నాయని అర్థం. తూటా పేలే క్షణంలో కండరం వదిలేస్తుంది. అప్పుడు మళ్లీ సర్దుకోండి. తర్వాత ఖాళీ ట్రిగ్గర్ నొక్కి చూడండి. టక్కుమన్నప్పుడు గీతలు కదలకపోతే తూటా పెట్టే అర్హత వచ్చినట్టు.

ఆ తర్వాత కూడా స్లెడ్ మీద మమకారం పోకపోతే ఒక పని చెయ్యండి. ఎవరిదైనా ఒకటి అడిగి తెచ్చుకుని, ఒకే కాగితం మీద మూడు చుక్కలు గీయండి. ఒకదాని మీద స్లెడ్ నుంచి ఐదు తూటాలు, ఇంకోదాని మీద సంచుల నుంచి ఐదు, మూడోదాని మీద అడవిలో ఎలా కూర్చుంటారో అలా, కర్రల మీదో వీపుసంచి మీదో ఆనించి ఐదు కాల్చండి. గొట్టం ప్రతిసారీ పూర్తిగా చల్లారనివ్వండి. మధ్యలో బుడిపెలు తాకకండి. మూడు గ్రూపుల మధ్య బిందువులు గుర్తించి, మూడోది మొదటిదానికి దగ్గరగా ఉందో రెండోదానికి దగ్గరగా ఉందో కొలవండి. మూడో గ్రూపు దగ్గరగా గుమిగూడి ఒకవైపుకి ఒరిగి ఉంటే స్కోపుని దానికే దిద్దుకోండి. ఎనిమిది అంగుళాలు దాటి చెదిరి ఉంటే దిద్దాల్సింది స్కోపు కాదు. అంత దూరంలో జింక మీద తుపాకీ ఎత్తే అర్హత ఇంకా రాలేదని అర్థం. స్లెడ్ ఖరీదుకి ఇరవై తూటాల పెట్టెలు నాలుగైదు వస్తాయి. ఆ అర్హత వచ్చేది వాటిని సంచుల మీదా మోకాలి మీదా కాలిస్తేనే.